సందువైపు కిటికీ

హలో… ఆ, నేనే. మెన్నానే. ఎవరూ…

టెక్విన్… నువ్వా. మీ ఆఫీసు పిల్ల మళ్ళీ చేసిందనుకున్నా. పొద్దున రెండుసార్లు చేసింది. "శాసనసభ్యులవారు మాట్లాడతారు, లైన్లో ఉండండి" అని పాట పెట్టి పోయింది. రెండుసార్లూ పాట విని పెట్టేశాను.

లేదు, పనేం లేదు. కరోనాకని పబ్ తలుపులు పూర్తిగా మూసి అయిదో వారం, పనెక్కణ్ణించి వస్తుంది… నేల ఊడుస్తున్నా… ఎవరూ తొక్కలేదు, అయినా ఊడుస్తున్నా. మీ బాబాయి గ్లిన్ ఉంటే నవ్వేవాడు.

తొమ్మిదేళ్ళయింది ఆయన పోయి. శవపెట్టె ఒక పక్క నువ్వే పట్టావు కదా, మర్చిపోయావా… ఆ.

నీ గొంతేంటి అలా ఉంది… నిద్ర లేదా… ఊఁ. నీకు రెండు రోజుల నుంచి. నాకు ఆరు వారాల నుంచి.

చూశాను… మొదటి పేజీలో వేస్తే చూడకుండా ఎలా ఉంటాను. పాలకోసం కొట్టుకి వెళ్ళా. పత్రికల కట్ట మీద కొట్టావిడ బంగాళాదుంపల సంచి ఒకటి పెట్టేసింది, నీ మొహం నా కంట పడకూడదని. మీ అమ్మా నేనూ ఒకే బెంచీ మీద పెరిగిన వాళ్ళమని ఆవిడకి తెలుసు కదా… ఆ, సంచి పక్కకి జరిపి కొనుక్కున్నా.

చెప్పు. వింటున్నా…

నలుగురు… సభ భవనంలోనే, టీలు తాగే గదిలో… ఊఁ… దూరం దూరంగానే కూర్చున్నారు… సరే… ఊరికే కాదు, పని మీద కూర్చున్నారు. ఏం పని…

ఆగు. మళ్ళీ చెప్పు… పబ్బుల్ని ఎలా ఆదుకోవాలా అని. పబ్బుల్ని ఆదుకోవడం గురించి మాట్లాడుకుంటూ వైను తాగారా.

నవ్వడం లేదు. దగ్గు.

రెండు గ్లాసులే… నేనడగలేదు నాన్నా, నువ్వే చెబుతున్నావు… మందు పొయ్యకూడదన్న నియమం మీ భవనానికి వర్తించదనుకున్నారా. ఎవరు చెప్పారు… ఎవరూ చెప్పలేదు, మీరే అనుకున్నారు. ఎందుకని… అది పబ్ కాదు కాబట్టి. ఊఁ. సీసా ఉంది, గ్లాసు ఉంది, పోసేవాళ్ళున్నారు, తాగేవాళ్ళున్నారు. దాన్ని పబ్ అనడానికి ఇంకేం కావాలో నాకు తెలియదు మరి. నలభై మూడేళ్ళే కదా నేను నడిపింది.

పోసిన పిల్లనేం చేశారు… గదిలో పనిచేసే పిల్ల. నీకు గ్లాసు పెట్టిన పిల్ల… ఇంట్లో కూర్చోమన్నారా. జీతం… విచారణ అయ్యేదాకా. ఓహో. పోస్తే తప్పు, తాగితే పని.

కోపం కాదు టెక్విన్. కోపం వస్తే ఈ పాటికి ఫోన్ పెట్టేసి హాయిగా ఉందును.

ఆ శుక్రవారం గుర్తుందా నీకు. వేల్స్ అంతటా సాయంత్రం ఆరుకి పబ్బులు కట్టెయ్యాలి, మందు అసలు పొయ్యకూడదు అన్న మొదటి రోజు. నువ్వు మా గుమ్మం ముందు నిలబడి వీడియో తీసుకున్నావు. "మా మెన్నా పిన్ని ఇవాళ్టి నుంచి ఒక్క చుక్క పొయ్యదు. మీరూ అడక్కండి" అన్నావు. ముప్పై వేలమంది చూశారని మళ్ళీ ఫోన్ చేసి మరీ చెప్పావు… నువ్వెళ్ళాక నేనేం చేశానో తెలుసా. విప్పిన పీపాల్లో బీరంతా మోరీలో పోశా. నిలవుండదు కదా. రెండు రోజులు సందంతా పులిసిన కంపు. సందుకి అవతల ఇడ్వాల్ తన గుమ్మంలో నిలబడి, "మెన్నా, ఇంక మన మోరీలో ఎలకలు కూడా కీర్తనలు పాడతాయి" అన్నాడు.

ఆ. ఇడ్వాల్… ఏం, ఆ పేరు ఎత్తకూడదా.

సరేలే. ఫోన్ ఎందుకు చేశావో అది చెప్పు…

పత్రిక అమ్మాయా. అవును, రెండింటికి వస్తానంది. లోపలికి రాకూడదు కాబట్టి గుమ్మం బయట నిలబడి మాట్లాడతానంది… నీకెవరు చెప్పారు… మీకన్నీ తెలుస్తాయి.

ఏం చెప్పమంటావు… "టెక్విన్ మా ఊరి బిడ్డ"… ఊఁ… "మొదటిసారి అంతా మూసేసినప్పుడు ముసలివాళ్ళందరికీ తనే మందులు తెచ్చి గుమ్మాల్లో పెట్టాడు"… అది నిజమే. తెచ్చావు. నా బీపీ మాత్రలు కూడా తెచ్చావు. వానలో, టోపీ లేకుండా. అది చెబుతాను, దానికేం… "పొరపాటు ఎవరైనా చేస్తారు"… ఆహా. అది కూడానా.

నేనొకటి అడగనా. బుధవారం అని వేశారు పత్రికలో… డిసెంబరు తొమ్మిదేనా… సాయంత్రం ఎన్నింటికి… "సాయంత్రం" అని కాదు నాన్నా, ఎన్నింటికి… ఏడున్నరకి అక్కడే ఉన్నావా.

ఎందుకడుగుతున్నానో నీకు తెలుసు.

ఉండు, కూర్చోనీ… ఆ. లేదు, నువ్వు చెప్పకు. నేను చెబుతా, నువ్వు విను.

దానికి ముందు సోమవారం నువ్వు ఫోన్ చేశావు. ఆఫీసు పిల్ల కాదు, నువ్వే. "పిన్నీ, తనిఖీవాళ్ళు తిరుగుతున్నారు. మీ సందువైపు కిటికీ మీద ఎవరో ఫిర్యాదు పెట్టారు. ఎవరు తట్టినా తియ్యకు. ఒక్కసారి దొరికావా, లైసెన్సు పోతుంది. నేను కూడా ఏం చెయ్యలేను" అన్నావు… అన్నావు. నా మంచికే అన్నావు, నేను కాదనలేదు.

ఆ కిటికీ సంగతి నీకు నేను చెప్పాలా. ఆదివారాలు పబ్బులు మూసి ఉంచాలని చట్టం ఉన్న రోజుల్లో మా మామగారు పెట్టించాడు. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే సందులోకి వచ్చి అద్దం మీద నాణెంతో తట్టేవాళ్ళు. మామగారు కిటికీ ఇంత తెరిచి గ్లాసు అందించేవాడు. మీ తాత కూడా తాగాడు అందులోంచి, ప్రార్థనమందిరంలో పెద్దమనిషై ఉండి… అవును, నీకు తెలియనివ్వలేదు మీ అమ్మ. చట్టం పోయింది, అలవాటు పోలేదు. టైమైపోయాక ఇంకో గ్లాసు కావాలన్న వాడు సందులోకి వచ్చి నాణెంతో తడతాడు. ఆ అద్దం చప్పుడైతే ఈ ఊళ్ళో దానికి ఒకటే అర్థం. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఇంకో అర్థం ఎరగను.

ఆ బుధవారం ఏడున్నరకి చప్పుడైంది.

నేను లైట్లన్నీ ఆర్పేసి ఉన్నా. చప్పుడు వినగానే బారు వెనక నేలమీద కూర్చుండిపోయా… అవును, అద్దంలోంచి కనపడతానని. అరవై తొమ్మిదేళ్ళ దాన్ని, నా పబ్బులో నేను దొంగలా గోడకి ఆనుకుని. తనిఖీవాళ్ళే నన్ను పరీక్షించడానికి కొడుతున్నారేమో అని ఒకసారి అనుకున్నా. ఇడ్వాల్ అయి ఉంటాడని ఒకసారి అనుకున్నా. "చచ్చినోడా, ఈ రోజుల్లో కూడా నీకు అరగ్లాసు కావాలా" అని మనసులో తిట్టుకున్నా… ఆ మాటే. చచ్చినోడా అనే అనుకున్నా.

తెలుసులే నీకు. నీకే కదా మొదట చెప్పింది. తెల్లారి ఉత్తరాలావిడ చూసింది. ఇడ్వాల్ సందు చివర, చెత్తడబ్బాల పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు. గుండె. ఇంట్లో ఫోన్ పనిచెయ్యడం లేదట. సందు దాటితే మొదట వచ్చేది నా కిటికీ… వాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళగానే నీకు చేశాను. ఏమన్నావో గుర్తుందా… నాకు గుర్తుంది. "పిన్నీ, ఎవరికీ చెప్పకు. నువ్వు నియమం పాటించావు. నీ తప్పేం లేదు." ఆ పొద్దున కూడా నీ గొంతు ఇలాగే బొంగురుగా ఉంది. పాపం, సభలో మాట్లాడి మాట్లాడి అలా అయిందనుకున్నా.

ఇంకా విను.

సమాధికి పదిమందినే రానిచ్చారు. పాడకూడదన్నారు. ఇడ్వాల్ సమాధికి పాట లేకుండా. గనిలో పనిచేసే రోజుల్లో, పైకొచ్చే బోను లిఫ్టులో ఆయన పాట మొదలెడితే, పైన కాచుకున్న ఆడవాళ్ళకి మనుషులు కనపడకముందే గొంతు వినపడేదట, మా అత్తగారు చెప్పేది. మేం రోడ్డు మీద వరసగా నిలబడ్డాం. ఎవరూ నోరు తెరవలేదు. మాస్కులు మాత్రం కదులుతున్నాయి. లోపల పాడుకుంటున్నారు. ఊరు ఊరంతా గొంతు లేకుండా పాడుతుంటే ఎలా ఉంటుందో నువ్వు చూడలేదు. నీకు సభ ఉంది కదా.

ఆ సభలోనే లేచి మాట్లాడావు ఆయన గురించి. టీవీలో అందరం చూశాం. "మా ఊళ్ళో ఒక పెద్దాయన, అరవై ఏళ్ళుగా తాగే అరగ్లాసు బీరుని పదిమంది మేలు కోసం వదులుకుని, నిశ్శబ్దంగా వెళ్ళిపోయాడు" అన్నావు… నిశ్శబ్దంగా. ఆయన కిటికీ కొట్టాడని అప్పటికి నీకు తెలుసు. ఆయన కొడుతున్న టైముకి నీ చేతిలో ఏముందో కూడా నీకు తెలుసు. నాకే తెలియదు, మొన్న పత్రిక వచ్చేదాకా. ఆయన కూతురు నెరిస్ ఆ మాటల్ని అందంగా రాయించి, అద్దం కట్టించి, గోడకి పెట్టుకుంది.

ఏమన్నావు… గట్టిగా చెప్పు, వినపడలేదు.

"నీది నేను దాచాను కదా పిన్నీ"… ఊఁ… "ఒకటి బయటికొస్తే రెండూ బయటికొస్తాయి"… బెదిరించడం లేదు. సరే. గుర్తు చేస్తున్నావు. అర్థమైంది.

నా కోసం కాదు, నెరిస్ కోసం అంటావు. తండ్రి పోయిన పిల్ల, ఇది వింటే తట్టుకోలేదు అంటావు… ఊఁ. మీ అమ్మ కూడా నిన్ను ఇంత మెత్తగా మాట్లాడేలా పెంచలేదు. ఇది ఎక్కడ నేర్చుకున్నావో.

నెరిస్‌కి తెలుసు.

ఇవాళ పొద్దున చెప్పాను…

హలో… ఉన్నావా… ఆ, ఉన్నావు.

వాళ్ళ నాన్న ఇల్లు ఖాళీ చెయ్యడానికి వచ్చింది. మాస్కు కట్టుకుని నా గుమ్మానికి రెండు బారల అవతల, వానలో నిలబడింది. ఆయన టోపీ తెచ్చింది నాకివ్వడానికి. "ఆయన కూర్చునే చోట తగిలించు పిన్నీ" అని మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగింది. వెళ్ళిపోతూ ఆగింది. "ఆ బుధవారం మధ్యాహ్నం నేను వచ్చాను పిన్నీ. లోపలికి వెళ్ళకూడదన్నారు కదా అని సూపు గుమ్మంలో పెట్టి, కారులోంచి చెయ్యూపి వెళ్ళిపోయాను. ఒక్కసారి లోపలికి వెళ్ళి ఉంటే మొహం చూసి కనిపెట్టేదాన్ని. నేనే చంపుకున్నాను" అంది. ఆరు వారాలుగా ఆ పిల్ల అదే అనుకుంటోంది టెక్విన్. నువ్వూ నేనూ దాచుకున్నది ఆ పిల్ల మోస్తోంది… ఇంక నా వల్ల కాలేదు.

చెప్పేశాను. నీకు చెప్పనిది కూడా చెప్పాను.

ఉంది. నీకు చెప్పనిది ఉంది.

ఆయన నాణెంతో తట్టలేదు. అరచేత్తో కొట్టాడు… అద్దం మీద అరచెయ్యి. మందు కోసం వచ్చినవాడు అలా కొట్టడు. నలభై మూడేళ్ళు ఆ చప్పుడు విన్నదాన్ని, తేడా తెలియదా నాకు. తెలిసింది. అక్కడ నేలమీద కూర్చునే తెలిసింది. అయినా లేవలేదు. లైసెన్సు, తనిఖీ, నువ్వు… ఏమో. భయానికి కాళ్ళు రాలేదు అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చా. కాళ్ళు బాగానే ఉన్నాయి. చప్పుడు ఆగిపోయాక లేచి, మెట్లెక్కి, పైకెళ్ళి పడుకున్నా.

తెల్లారి చూస్తే అద్దం మీద చెయ్యి ఉంది… ముద్ర. వేళ్ళన్నీ పడ్డాయి, మూడోది సగమే. గనిలో పోయింది కదా ఆయనకది. ఆయన్ని తీసుకెళ్ళడానికి వాళ్ళు రాకముందే నేను సందులోకి వెళ్ళి తుడిచేశా. వేణ్ణీళ్ళలో వెనిగర్ పోసి, గట్టిగా… పోయిందనే అనుకున్నా. పోలేదు. పొద్దున్నే మంచు పట్టినప్పుడు అద్దమంతా తెల్లబడుతుంది, ఆ చెయ్యి ఉన్నంత మేర పట్టదు. అందులోంచి సందు కనిపిస్తుంది. నాలుగుసార్లు కడిగాను. మళ్ళీ మంచు పడుతుంది, మళ్ళీ వస్తుంది. ఎండెక్కితే పోతుంది.

పిచ్చి కాదు. వచ్చి చూడు కావాలంటే. నియమం ఒప్పుకుంటే.

నెరిసా… తిట్టలేదు, ఏడవలేదు. ఒకటే అడిగింది. "ఎంతసేపు కొట్టాడు" అని. పది నిమిషాలన్నాను. వీధి మలుపు దాకా వెళ్ళాక కేకేసి పిలిచాను. పది కాదమ్మా, పన్నెండు అన్నాను. చూశావా, అక్కడ కూడా రెండు నిమిషాలు తగ్గించుకోబోయా. నువ్వు గ్లాసులు తగ్గించినట్టే.

అప్పుడు వెనక్కి వచ్చింది. మెట్టు మీద టోపీ తీసుకుని వెళ్ళిపోయింది.

…

పత్రిక అమ్మాయికా. నువ్వు మందులు తెచ్చావని చెబుతాను. అబద్ధం కాదు కదా. కిటికీ కూడా చెబుతాను. అరచెయ్యి కూడా… పోతే పోతుంది లైసెన్సు. ఊళ్ళో ఎవరూ నా గుమ్మం తొక్కరు, తెలుసు. తొక్కని నేల ఊడవడం అలవాటైపోయింది.

ఏంటి… అదా నీకు కావలసింది. ఇందాకట్నుంచి అదే అడగాలని చూస్తున్నావా.

లేదు. ఎవరికీ చెప్పొద్దని నువ్వన్నావని నెరిస్‌కి చెప్పలేదు. ఇన్నాళ్ళూ నేనెందుకు చెప్పలేదో అడిగింది, తల దించుకున్నా. నీ పేరు ఎత్తలేదు… దణ్ణాలు పెట్టకు. నిన్ను కాపాడ్డానికి కాదు. నాది నేను చెప్పుకున్నా, నీది నీ నోటితో నువ్వు చెప్పాలని వదిలేశా. ఎదుటివాళ్ళ మొహం చూస్తూ చెప్పాలి అది. గోడ మీద ఉన్న ఆ అద్దం పటం దింపమని కూడా నువ్వే చెప్పాలి.

ఎప్పుడో కాదు…

నీ నంబరు అడిగింది. సభలో అంత బాగా మాట్లాడినాయన, ఆయన్నొకటి అడగాలి అంది. ఇచ్చాను… ఈ నంబరే. ఆఫీసుది ఇస్తే పాట వినాలి కదా.

ఏంటి… ఇంకో ఫోన్ వస్తోందా. ఇప్పుడా.

ఎవరిదో చూడు… పేరు రావట్లేదా. నంబరు చదువు… చివర నలభై ఏడు. ఊఁ. అది నెరిస్‌ది.

ఎత్తు… నాతో తర్వాత మాట్లాడుదువుగాని. ముందు అది ఎత్తు… ఏం చెప్పాలంటే నన్నడుగుతావేంటి. ఎత్తితే అదే వస్తుంది.

మోగుతోందా ఇంకా… ఎత్తు నాన్నా. నా మాట విను. ఎత్తకుండా కూర్చుంటే కాసేపటికి ఆగిపోతుంది, నాకు తెలుసు. ఆగిపోయాక ఉంటుంది చూడు, అది భరించడం నీ వల్ల కాదు…

టెక్విన్…

మోగుతోందా…

ఆగిపోయిందా.

సరే. ఉంటాను.